కాగితం కింద కాగితం

పెద్దాయన పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ఇంకొకావిడ తలకి స్పాంజీలు కడుతున్నాను. ఉప్పునీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని "అయ్యో, ఎప్పుడమ్మా?" అన్నాను. కుర్చీలో ఉన్నావిడ "ఎవరు పోయారు?" అని అడిగింది. ఎవరూ పోలేదన్నాను. రెండు నిమిషాలయ్యాక మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎవరూ పోలేదన్నాను. మా గదిలో ఒక అబద్ధాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు.

ఆ గది గురించి చెప్పాలి. బెంగళూరులో హోసూరు రోడ్డు పక్కన ఒక ఆసుపత్రిలో, మతిమరుపు మొదలైన పెద్దవాళ్ళ కోసం కేటాయించిన గది అది. నేను అక్కడ నర్సుని. ఒంగోలు దగ్గర్నుంచి వచ్చి హెబ్బగోడిలో అద్దెకుంటూ పదిహేనేళ్ళు దాటింది. ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజీలు తలకి ఆనించి, రబ్బరు పట్టీ బిగించి, ఇరవై నిమిషాలు కరెంటు పంపిస్తాం. భయపడేంత కాదు, చాలా తక్కువ. చర్మం మీద చీమలు పాకినట్టుంటుంది, అంతే. అది నడుస్తుండగా పక్కన కూర్చుని పన్నెండు మాటలు చదివి వినిపిస్తాను, కాసేపయ్యాక చెప్పమంటాను. కరెంటు మెదడుని కాస్త మేల్కొలుపుతుందనీ, అప్పుడు నేర్పింది నిలుస్తుందనీ డాక్టరుగారి ఆశ. కొందరికి కొంచెం నిలుస్తుంది. చాలామందికి నిలవదు. గోడ మీద పోస్టరులో మాత్రం తెల్లజుట్టు మొగుడూ పెళ్ళాం పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటారు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పెద్దాయన మొదటిరోజు లోపలికొచ్చి నన్నూ చూడలేదు, పోస్టరునీ చూడలేదు. చేతిలో ఉన్న ఓపీ చీటీని ముక్కు దగ్గర పెట్టుకుని దాని మీద మా ఆసుపత్రి సీలుని పరీక్షిస్తున్నాడు.

"ఈ సీలు చేసినోడు ఎవుడు సిస్టరమ్మా? అచ్చరాలు కుడిపక్కకి వాలి ఉండాయి. రబ్బరు కోసేది తెలీదు వానికి."

నగర్తపేటలో ఒక మేడ మెట్ల కింద, మనిషి నిలబడితే తల తగిలే గదిలో, నలభై ఏళ్ళు రబ్బరు స్టాంపులు చేసిన మనిషి ఆయన. సీసం అక్షరాలు వెనక నుంచి ముందుకు పేర్చడం, అచ్చు తీయడం, రబ్బరు కోసి చెక్క పిడికి అంటించడం. తెలుగు, కన్నడం, తమిళం, ఇంగ్లీషు నాలుగింటినీ అద్దంలో కనబడే తీరులోనే సులువుగా చదివేవాడు. సరిగ్గా రాసి ఇస్తేనే కొంచెం తడుముకునేవాడు. "ఎంత పెద్ద ఆఫీసరయినా నా సీలు పడినాకే ఆఫీసరు" అని నవ్వేవాడు. నవ్వితే ఎడమ దవడ పక్క రెండు పళ్ళు లేని చోటు కనబడేది.

పేర్లు గుర్తుండేవి కావు. ఆ పేరుకి ఎంత చోటు పడుతుందో మాత్రం గుర్తుండేది. నా పేరు ఆయన నోట ఒక్కసారీ వినలేదు. "నీది మూడచ్చరాలు, మధ్యలో ఒక ఒత్తు. ఒకే లైనులో పడతాది" అనేవాడు. డాక్టరుగారి సంగతి వచ్చిందంటే పెదవి విరిచేవాడు. "ఆయప్పది రెండు లైన్లు చేయాల్సిందే. డిగ్రీలు మళ్ళా వేరే." గట్టిగా చెప్పాల్సిన మాట చెప్పేటప్పుడు కుడి బొటనవేలుతో ఎదురుగా ఏముంటే దాన్ని ఒత్తేవాడు. బల్ల, మోకాలు, నా మణికట్టు, ఏదైనా సరే. ఆ ఒత్తు పడిందంటే ఇంక ఆ మాటకి తిరుగులేదన్నమాట.

డాక్టరుగారు కొత్తగా ఎవరొచ్చినా "మీకు మా నుంచి ఏం కావాలి?" అని అడుగుతారు. జ్ఞాపకం బాగుపడాలని అందరూ అంటారు. పెద్దాయన బల్ల మీద బొటనవేలు ఒత్తి చెప్పాడు.

"నాకు మతిమరుపు ఉండాది సార్, దాచేదేం లేదు. దారి మర్చిపోతా ఉండాను, అన్నం తిన్నది మర్చిపోతా ఉండాను. అవన్నీ పోతే పోనీ. పొద్దున ఎనిమిదికి మా ఇంటామెకి సూది వేసేది మాత్రం మర్చిపోకుండా చేయండి. అంతే చాలు."

ఆయన భార్య పక్షవాతంతో మంచం మీద ఉంది. దానికి తోడు షుగరు. పొద్దున టిఫినుకి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. వాళ్ళుండేది అత్తిబెలెలో. కూతురు అక్కడే ఒక కంపెనీలో పని చేస్తుంది, తెల్లారకముందే షిఫ్టుకి పోవాలి. ఆమెకి భర్త లేడు, ఆమె పని మానేస్తే ఇల్లు గడవదు. తల్లేమో ఎనిమిదికి గానీ ముద్ద మింగదు, కాబట్టి ముందే సూది వేసి పోవడానికి లేదు. అంటే ఆ పని పెద్దాయన చేతిలోనే ఉండాలి. ఆయన వల్ల కాదంటే భార్యని హోసూరు దగ్గర ఒక హోములో చేర్చడానికి కూతురు మాట్లాడి పెట్టుకుంది. ఇష్టంగా మాట్లాడుకుందని కాదు.

"ఆయమ్మ నన్ను వదిలి ఒక పొద్దు కూడా ఉండలేదు సార్" అన్నాడు పెద్దాయన. ఉండలేనిది ఎవరో ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది.

వారానికి మూడు రోజులు, షిఫ్టు దిగి, తల్లిని పక్కింటామెకి అప్పజెప్పి, రెండు బస్సులు మారి కూతురు తీసుకొచ్చేది. కరెంటు మొదలవగానే కళ్ళు మూసుకుని "వచ్చినాయి చీమలు" అనేవాడు. పన్నెండు మాటల్లో మొదటివారం మూడు చెప్పాడు, రెండోవారం రెండే. తనమీద తనకే కోపం వచ్చింది. "కాగితం ఇయ్యి సిస్టరమ్మా, నువ్వు చదివేది నాకు నిలిచేల్లేదు" అని నా పెన్ను లాక్కుని గుండ్రంగా ఒక సీలు గీశాడు. పైవంపులో నిమ్మకాయ, గొడుగు, తాళం, ఏనుగు. కిందివంపులో ఇంకో నాలుగు, నడుమ మిగతా నాలుగు. అప్పట్నుంచీ ఏ లిస్టు ఇచ్చినా దాన్ని మనసులో సీలు చేసుకుని, కుడి నుంచి ఎడమకి చదివేవాడు. రెండు నెలలకి పదకొండు చెప్పాడు. ఒక్కోరోజు పన్నెండూ చెప్పి, నా వైపు ఒక కన్ను తెరిచి చూసేవాడు, మార్కులు వేశానా లేదా అని.

డాక్టరుగారు మురిసిపోయారు. నేను అంతకంటే మురిసిపోయాను. లిస్టులో మాటలు నిలవడం వేరు, ఇంట్లో పని నిలవడం వేరు, ఒకటి వచ్చిందని రెండోది వచ్చినట్టు కాదు అని మాకు శిక్షణలో మొదటివారమే చెప్పారు. నేను దాన్ని నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను.

సూది సంగతికి వేరే ఉపాయం ఆలోచించింది నేనే. ఏదైనా పని గుర్తుండాలంటే దానికి కళ్ళ ముందు ఒక ఆనవాలు కట్టాలని మా పద్ధతి. వాళ్ళింట్లో కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఉంది, రోజుకొక కాగితం చింపేది, ఇంత లావున ఎర్ర అంకెలతో. దాన్ని మంచం పైన గోడకి వేయించాను. "అంకుల్, సూది వేశాక ఆ రోజు కాగితం చింపేయండి. కాగితం ఉందంటే సూది వేయలేదని. చింపేశారంటే వేసేశారని. సరేనా?" ఇరవై రోజులు ఇదే మాట చెప్పాను, ఆయన చేత చెప్పించాను. ఇన్సులిన్ పెన్ను పట్టుకోవడం నేర్పక్కర్లేకపోయింది. సీసం అక్షరాలు పట్టిన వేళ్ళు, డోసు గీత దగ్గరికి తిప్పి సరిగ్గా ఆపేవి.

వచ్చినప్పుడల్లా చొక్కా జేబులోంచి చింపిన కాగితాలు తీసి నా బల్ల మీద వరసగా పేర్చేవాడు. సోమవారం, మంగళవారం, బుధవారం. వాటి అంచులు బొటనవేలితో సరిచేసి "చూసుకో" అనేవాడు. ఒక్కటీ తప్పలేదు.

ఒకరోజు సెషన్ అయ్యాక కూతురు నన్ను వరండాలో ఆపింది.

"సిస్టర్, హోమువాళ్ళు ఈ నెలాఖరులోపల చెప్పమంటా ఉండారు. ఆ బెడ్డు ఇంకెవరికో ఇచ్చేస్తారంట. నాయన చేయగలడా? నిజం చెప్పండి. మీరు ఎట్ల చెప్తే అట్ల చేస్తా."

డాక్టరుగారిని అడగమ్మా అనాలి. నా స్థానంలో ఉన్న ఎవరైనా అనాల్సింది అదే. కానీ పెద్దాయన తలుపు పట్టుకుని నిలబడి నా నోటి వంకే చూస్తున్నాడు, మార్కుల కోసం చూసిన చూపుతోనే. నాకు ఆయనంటే ఇష్టం. నేను కనిపెట్టిన ఉపాయమంటే ఇంకా ఇష్టం.

"చేస్తారమ్మా" అన్నాను. "భయం లేదు."

చింపిన కాగితం కింద ఇంకో కాగితం ఉంటుందని నాకు తట్టలేదు.

నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. హోము మాట ఎవరూ ఎత్తలేదు. ఒక గురువారం మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసి అమ్మ పోయిందని చెప్పింది. తొమ్మిదిన్నరకి పక్కింటామె తొంగిచూస్తే, పెద్దాయన మంచం మీద కూర్చుని ఇడ్లీ ముక్క భార్య నోటి దగ్గర పెట్టి తినమని బతిమాలుతున్నాడట. ఆవిడ ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు. వీధి చివరి డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. గుండె ఆగిందన్నాడు. ఏళ్ళ తరబడి మంచంలో ఉన్న మనిషి కాబట్టి ఎవరూ ఇంకేం అడగలేదు. షుగరు పడిపోయినవాళ్ళకి పట్టే చెమటలు ఎలా ఉంటాయో నర్సుకి ఒకరు చెప్పక్కర్లేదు.

సాయంత్రం అత్తిబెలె వెళ్ళాను. ఆవిడని హాల్లో పడుకోబెట్టారు. లోపలి గదిలో మంచం ఖాళీగా ఉంది. దానిపైన గోడకి క్యాలెండర్. గురువారం కాగితం చింపేశాక శుక్రవారం కనబడాలి. శనివారం కనబడుతోంది.

ఏం జరిగిందో అక్కడే నిలబడి లెక్క కట్టుకున్నాను. ఎనిమిదికి సూది వేసి కాగితం చింపాడు. కాసేపటికి తలెత్తి చూస్తే గోడ మీద కాగితం ఉంది. కాగితం ఉందంటే సూది వేయలేదని. మళ్ళీ వేసి, మళ్ళీ చింపాడు. అక్షరం తప్పకుండా నేను చెప్పినట్టే చేశాడు.

గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళకి తగులుతోంది అని ఎవరూ అడక్కుండానే చెప్పి, క్యాలెండర్ని మేకు నుంచి తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దాయన. నా బ్యాగు వంక చూశాడు, ఖాళీ మేకు వంక చూశాడు. డాక్టరుగారికి నేను చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. చెబితే ఆ తండ్రీ కూతుళ్ళు ఒక ఇంట్లో ఎలా బతుకుతారు అనుకున్నాను. నా ఉద్యోగం సంగతి కూడా అనుకున్నాను. రెండింట్లో ఏది ముందు అనుకున్నానో నిజంగా నాకు గుర్తులేదు.

నెలన్నర తర్వాత కూతురు ఆయన్ని మళ్ళీ తీసుకొచ్చింది. రోజంతా భార్యని వెతుకుతున్నాడట, ఏడుస్తున్నాడట. డాక్టరుగారు రెండో విడత మొదలుపెట్టమన్నారు. నేను పట్టీ బిగిస్తుంటే, కూతురు బయటికి వెళ్ళేదాకా ఆగి, నా మణికట్టు పట్టుకున్నాడు.

"సిస్టరమ్మా, ఆపొద్దు సూది రెండు తూర్లు వేసినానా, ఒకే తూరా?"

"ఒకేసారి అంకుల్."

"నిజంగా?"

"నిజంగా. ఒక్కసారే."

బొటనవేలుతో నా మణికట్టు మీద ఒత్తి కళ్ళు మూసుకున్నాడు. ముఖం అంతా తేటపడింది. ఇరవై నిమిషాలయ్యాక స్పాంజీలు తీస్తుంటే మళ్ళీ అడిగాడు. వచ్చిన ప్రతిరోజూ అడిగాడు. "దానికి చెప్పద్దు" అనేవాడు కూతురిని ఉద్దేశించి. నేను ఒకేసారి అనేదాన్ని, ఆయన తేటపడేవాడు. అలా అయితే నేను బతికినంత కాలం చెప్పగలను. ఆయన మర్చిపోవడమే మా ఇద్దరికీ దిక్కు.

మా చికిత్స పని చేయడం మొదలుపెట్టింది అప్పుడే.

నాలుగోవారంలో వచ్చి కూర్చుంటూనే "నువ్వు నిన్నగాక మొన్న ఒకే తూరి అన్నావు" అన్నాడు. ఇన్ని నెలల్లో మా గదిలో జరిగిన మాట ఆయన ఇంటికి పట్టుకెళ్ళి మళ్ళీ తెచ్చింది అదే మొదటిసారి. డాక్టరుగారు వింటే ఎగిరి గంతేసేవారు. తర్వాతి వారం ఇంకో అడుగు ముందుకి పడింది.

"ఒకే తూరి అయితే క్యాలెండర్లో శనివారం ఎట్ల వచ్చె? ఆయమ్మ పోయింది గురువారం కదా. అది మంచం పైన ఉండె. ఇప్పుడు లేదు. ఎవురు తీసిరి?"

"మీకు ఏదో అలా అనిపిస్తోంది అంకుల్."

"అనిపించేది కాదు. సీలు తప్పు పోయిందంటే దిద్దేకి కాదు, పారేయాల్సిందే. నాకు తెలీదా? చెప్పు, నేనేం అనుకోను. చెప్పు."

చెప్పలేదు. పట్టీ బిగించి బటను నొక్కాను. ఆ మరుసటి సెషన్‌లో స్పాంజీలు తడిపాను, పట్టీ బిగించాను, మిషన్ ముందు కూర్చున్నాను, బటను నొక్కలేదు. ఈ మనిషికి జ్ఞాపకం తిరిగిరాకూడదు అనుకున్నాను. పదిహేనేళ్ళలో నేను తీసుకున్న జీతం దేనికో దానికి సరిగ్గా ఎదురు.

కాసేపటికి కళ్ళు మూసుకునే అన్నాడు, "ఈపొద్దు చీమలు రాలేదు."

"తక్కువ పెట్టాను అంకుల్. మీకు మంచిదని."

"నువ్వు పెట్టినావంటే సరేలే" అన్నాడు.

మిగిలిన సెషన్లన్నీ అలాగే జరిపాను. మాటల లిస్టు కూడా చదవడం మానేసి ఊరికే పక్కన కూర్చున్నాను. రికార్డులో మాత్రం ఇరవై నిమిషాలు ఇచ్చినట్టు రాసి సంతకం పెట్టాను. రెండు నెలల్లో క్యాలెండర్ మాట పోయింది. తర్వాత ఆ ప్రశ్న కూడా అడగడం మానేశాడు. వాటితోపాటు భార్య పేరు పోయింది. నా పేరు ఎన్ని అక్షరాలో పోయింది. చీటీ చేతికిస్తే సీలు వంక చూడకుండా మడత పెట్టేసేవాడు. కరెంటు ఇవ్వనందుకే ఇలా అయిందో, ఇచ్చినా అయ్యేదో నాకు తెలియదు. రోగం ముదిరింది అన్నారు డాక్టరుగారు. ఇంక తీసుకురావడం దండగ అని కూతురే మానిపించింది. ఆఖరిరోజు నా రెండు చేతులూ పట్టుకుని "అమ్మ కోసం ఏడ్చేది మానేసినాడు సిస్టర్. మీ పుణ్యం" అంది. నేను తల ఊపాను. అలా తల ఊపిన మనిషిని ఇంకెవరినైనా చూసి ఉంటే నేను అసహ్యించుకునేదాన్ని.

ఇది జరిగి ఏడాది. మొన్న ఫోన్ వచ్చాక, మూడోరోజున అత్తిబెలె వెళ్ళాను. వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. కూతురు టీ పెట్టి తెచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. బాగా చిక్కిపోయింది. కాసేపు బస్సుల గురించీ, కంపెనీలో సెలవు గురించీ మాట్లాడింది. తర్వాత తనంతట తనే మొదలుపెట్టింది.

"కడాకి నన్ను కూడా పోల్చుకోలేదు సిస్టర్. అమ్మ ఫోటో చూపిస్తే ఎవురామె అన్నాడు. మాటలన్నీ పోయినాయి. ఈ రెండు నెలలూ ఒకే మాట. 'రెండు తూర్లా, ఒకే తూరా?' లేస్తే అదే, పండుకుంటే అదే. ఏంది నాయనా అంటే చెప్పేకి రాదు. సుమ్నె, ఊరికే నా ముఖం చూస్తా కూచునేది."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. పోయిందనుకున్నది పోలేదు. భార్య పోయింది, కూతురు పోయింది, నలభై ఏళ్ళ పని పోయింది. అన్నీ తుడిచిపెట్టుకుపోయాక అదొక్కటే మిగిలింది.

"ఒక్కోనాడు ఒకటే నాయనా అనేదాన్ని. అంటే నెమ్మదిగా ఉండేవాడు. మళ్ళా మర్చిపోయి అడిగేవాడు. పోయిన ఆదివారం కంపెనీలో ఓవర్‌టైము చేసి వచ్చినా, తల పగిలిపోతా ఉండె. మళ్ళా మొదలుపెట్టినాడు. నాకు తిక్క రేగిపోయింది సిస్టర్. 'రెండు నాయనా, రెండు తూర్లు. చాలా? పండుకో ఇంక' అని అరిచేసినా. నా ముఖం చూసినాడు. సరే అన్నట్ల తల ఊపినాడు. అంతే, మళ్ళా అడగలేదు. తెల్లారి గంజి పట్టిస్తే నోరు తెరవలేదు. నీళ్ళు పోస్తే పక్కల నుంచి కారిపోయె. నాలుగు రోజులు అట్లనే గోడ పక్కకి తిరుక్కొని పండుకున్నాడు."

బయట ఎవరో కుక్కరు విజిల్ గురించి కేకేశారు. ఆమె లేవలేదు.

"ఏంది సిస్టర్ ఆ రెండు? మీ దగ్గర ఎప్పుడన్నా చెప్పినాడా?"

"లేదమ్మా" అన్నాను. "ఆ దశలో అందరూ ఏదో ఒక మాట పట్టుకుని అలాగే అంటూ ఉంటారు. నువ్వు ఒకటన్నా రెండన్నా ఆయనకి అర్థమయ్యేది కాదు."

ఆమె చున్నీతో ముఖం తుడుచుకుంది.

"అంతే కదా సిస్టర్?"

"అంతే."

ఊపిరి వదిలి, నా గ్లాసు తీసుకుని, టీ చల్లారిపోయింది వేడి చేసి తెస్తానని లోపలికి వెళ్ళింది. మొదటినుంచీ ఆమె నా మాట నమ్ముతూనే ఉంది.